పండగ పనుల నడుమ సమాధానం



డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. వెదురు బద్దలతో కట్టిన నక్షత్రమో, బజార్లో కొన్న కాగితం నక్షత్రమో ఇంటి ముందు వెలుగుతూ ఉంటుంది. ఆ నక్షత్రం కింది ఇంట్లో నెలంతా ఏం జరుగుతుందో ముందుగా చెప్పుకుందాం. ఒంటి అలసట సంగతి వదిలేసి మనశ్శాంతి గురించి ఎంత మాట్లాడినా ఆ మాటలు మనిషిని చేరవు.

కృష్ణా, గోదావరి డెల్టాలో క్రిస్మస్ సరిగ్గా వరి కోతల రోజుల్లో వస్తుంది. మెట్ట ప్రాంతాల్లో పత్తి తీతలు నడుస్తూ ఉంటాయి. మన సంఘాల్లో చాలామంది ఆడవాళ్లు నాలుగు డబ్బులు కళ్లజూసేది ఈ పనుల్లోనే. తెల్లారకముందే అన్నం మూట కట్టుకొని వెళ్లిన తల్లి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. నాలుగు చెంబులు నీళ్లు పోసుకొని, పిల్లలకింత వండిపెట్టి, క్యారల్స్ వాళ్లు వస్తారని మేలుకొని కూర్చుంటుంది. వాళ్లు తొమ్మిదింటికి రావచ్చు, అర్ధరాత్రి దాటాకా రావచ్చు. వస్తే టీ కాచి ఇవ్వాలి, కానుక చేతిలో పెట్టాలి, ప్రార్థన చేయించుకోవాలి. మళ్లీ తెల్లారకముందే కోతకు. పట్నంలో ఆఫీసుకు వెళ్లే ఆవిడ పనులు వేరు గానీ, అలసట ఒకటే. సంవత్సరం చివరి లెక్కలు, పిల్లల పరీక్షలు, సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు, ఇంటికొచ్చాక సండే స్కూల్ నాటికలో గొల్లవాడి వేషం వేసే పిల్లాడికి తలపాగా గుడ్డ వెతకడం.

ఇక పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లు. సంఘానిది ఒకటి, యూత్‌ది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి. ఒకే సాయంత్రం రెండు మూడు వేదికల మీద ప్రసంగించే పాస్టరు గార్లు ఉన్నారు. దర్జీ దుకాణం దగ్గర రోజూ వాయిదాలే. గోడలకు సున్నాలు, అరిసెలకు పిండి కొట్టించడం, పాకం పట్టడం, కజ్జికాయలు, గులాబీ పువ్వులు, బేకరీలో కేకు, ఇరవై నాలుగు రాత్రి ఆరాధన, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆరాధన, మధ్యాహ్నానికి బిర్యానీ, బంధువులు. ఇరవై ఆరో తారీఖున ఎవరైనా పండగ ఎలా జరిగిందమ్మా అని అడిగితే, బాగా జరిగింది అనే మాటకంటే ముందు ‘అయిపోయింది’ అనే మాట వస్తుంది. దేవుడు మనుషులకు సమాధానం పంపాడని చెప్పుకునే పండగను మోయలేని మూట దించుకున్నట్టు దించుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ పూట నా మాటలు దాని గురించే.

అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ సందడంతా తప్పని, కొత్త బట్టలూ దీపాలూ వ్యర్థమని చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను. నాకవి నచ్చవు. తరతరాలుగా ఊరికి ఎడంగా బతికి, ఊరి పండగల్లో వెనక నిలబడిన మనుషులకు, తమ పేటలో తమ చర్చి ముందు సీరియల్ బల్బులు వెలగడం, తమ పిల్లలు కొత్త బట్టలతో నడివీధిలో నడవడం చిన్న సంగతి కాదు. అది వాళ్ల గౌరవం. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నేనడిగేది ఒకటే. ఇంత పని చేసే ఆ మనిషి మనసుకు ఏం మిగులుతోంది?

లూకా సువార్త రెండో అధ్యాయం తెరిచి చూడండి. అది పాటతో మొదలవదు, సర్కారు ఉత్తర్వుతో మొదలవుతుంది. రోమా చక్రవర్తి ఔగుస్తు జనసంఖ్య రాయించమన్నాడు. ఎవరి పూర్వికుల ఊరికి వాళ్లు వెళ్లి పేరు రాయించుకోవాలి. నజరేతు నుంచి యోసేపు, నెలలు నిండిన మరియ బేత్లెహేముకు బయల్దేరారు. నూరు కిలోమీటర్ల పైమాటే, అందులో కొండదారి. తీరా చేరాక సత్రంలో చోటు లేదు. పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. మనం పాక కట్టి, గడ్డి పరిచి, బొమ్మలు పేర్చేటప్పుడు అక్కడంతా నిశ్శబ్దంగా ఉన్నట్టు ఊహించుకుంటాం. లూకా రాసింది చదివితే అలా అనిపించదు. పేర్లు రాయించుకోవడానికి వచ్చిన జనం, ప్రయాణపు బడలిక, కాన్పు నొప్పులు, పరాయి చోటు. మనుషులకు తీరిక దొరికేదాకా క్రీస్తు ఆగలేదు. దేనికీ తీరిక లేక సతమతమవుతున్నవాళ్ల మధ్యకే వచ్చాడు. పనులన్నీ అయ్యాక, ఇల్లంతా సర్దుకున్నాక, అప్పుడు మనసు కుదురు చేసుకొని ఆయన్ను పిలుద్దామని మనం అనుకుంటాం. ఆయన అంతవరకూ ఆగేవాడు కాదని మొదటి క్రిస్మస్సే చెబుతోంది.

దూతల కబురు మొదట విన్నదెవరు? రాత్రి పనిలో ఉన్నవాళ్లు. మంద కాచుకునే కాపరులు. పని మానుకొని ధ్యానంలో కూర్చున్నవాళ్లు కారు. కబురు విన్నారు, వెళ్లి బిడ్డను చూశారు, తిరిగి వచ్చారు. వచ్చింది ఆ మంద దగ్గరికే. వాళ్ల పని మారినట్టు లూకా ఎక్కడా రాయలేదు. దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారని మాత్రం రాశాడు. మరియ గురించి రాసినది నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కాపరులు చెప్పింది విని అందరూ ఆశ్చర్యపోతుంటే, ఆమె ఆ సంగతులన్నీ హృదయంలో దాచుకొని తలపోసుకుంటూ ఉందట. పచ్చి బాలింత, చేతిలో చంటిబిడ్డ, చుట్టూ ముక్కూ మొహం తెలియని మనుషులు. ఆ స్థితిలోనే ఆమె మనసులో దేవుడి మాటకు చోటు ఉంచుకుంది.

పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో ఒక వంటవాడు ఇలా బతికి చూపించాడు. అతని పేరు నికొలా ఎర్మాన్. కుర్రతనంలో సైనికుడు, యుద్ధంలో గాయపడ్డాడు. తర్వాత కర్మెల్ సభ మఠంలో చేరి బ్రదర్ లారెన్స్ అయ్యాడు. పెద్ద చదువు లేని మనిషి. వంటింట్లో వేశారు. వంటపనంటే స్వతహాగా అతనికి గిట్టదు. అయినా ఏళ్ల తరబడి ఆ పొయ్యి దగ్గరే ఉన్నాడు, ఆ తర్వాత మఠంలోవాళ్ల చెప్పులు బాగుచేశాడు. 1691లో అతను చనిపోయాక, అతని ఉత్తరాలూ అతనితో జరిగిన సంభాషణలూ చిన్న పుస్తకంగా వేశారు. ఇవాళ్టికీ ఎన్నో భాషల్లో చదువుతున్నారు. ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు అనేది తనకు లేదన్నాడు లారెన్స్. గిన్నెల చప్పుడులో, నలుగురూ నాలుగు పనులు ఒక్కసారే పురమాయిస్తున్నప్పుడు కూడా, ప్రభు సంస్కారం ముందు మోకరించినంత నెమ్మదిగా దేవుడితో ఉంటానన్నాడు. పెనం మీద అట్టు తిప్పినా దేవుడి మీది ప్రేమతోనే తిప్పుతానన్నాడు.

ఈ నెమ్మది అతనికి ఒక్కరోజులో రాలేదు. మొదట్లో చాలా ఏళ్లు మనసు పదే పదే పక్కకు పోయేదట. పోయిన ప్రతిసారీ తనను తాను నిందించుకుంటూ కూర్చోకుండా, మెల్లగా మళ్లీ దేవుడి వైపు తిప్పుకునేవాడు. మనలాంటి వాళ్లకు పనికొచ్చే మాట ఇది. పాకం ముందు నిలబడ్డ అక్కకూ, వరి కోస్తున్న చెల్లికీ, బస్టాండులో సంచులతో నిలబడ్డ అన్నకూ గంటసేపు మోకాళ్ల మీద ఉండే వీలు ఉండదు. కానీ ‘ప్రభువా, నువ్విక్కడే ఉన్నావు’ అని లోపల అనుకోవడానికి ఒక్క ఊపిరి చాలు. రోజులో ఎన్నిసార్లు గుర్తొస్తే అన్నిసార్లు అనుకోవచ్చు. అలా పిలిచిన మనిషి చేతులు ఆగవు గానీ, లోపలి పరుగు కొంత ఆగుతుంది.

ఇక్కడే మార్త సంగతి కూడా మాట్లాడాలి. బేతనియలో యేసు భోజనానికి వస్తే మార్త పనిలో పడింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది. ఈ కథ చెప్పి ఆడవాళ్లను మందలించేవాళ్లను చూస్తుంటాను, ఆ ప్రసంగం కాగానే ఆ ఆడవాళ్లు వండిందే తింటారు. యేసు మార్త పనిని తప్పుపట్టలేదు. అనేక పనుల గురించి విచారపడి తొందరపడుతున్నావని, పేరు రెండుసార్లు పిలిచి మరీ చెప్పాడు. కోపంతో అలా పిలవరు. ఆ రోజు ఆ ఇంట్లో కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు లేచి నీళ్లు తోడిపెట్టి, ఆకులు వేసి ఉంటే మార్త కూడా వచ్చి వినేదని నా నమ్మకం. పండగ పనిలో సగం పంచుకోకుండా, మనశ్శాంతి కోసం ప్రార్థన చేసుకోమని ఆడవాళ్లకు సలహా ఇవ్వడం సరికాదు. ఉల్లిపాయలు తరగడం, పిల్లలకు స్నానాలు చేయించడం, బంధువులు వెళ్లాక గిన్నెలు తోమడం మగవాళ్లకు కూడా క్రిస్మస్ ఆరాధనే.

సంఘాల వైపు నుంచి కూడా కొంత ఆలోచించాలి. లూథరన్, సీఎస్‌ఐ, కథోలిక సంఘాలన్నింటిలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది. నవంబరు 30కి దగ్గర్లో ఉన్న ఆదివారంతో అది మొదలవుతుంది. చాలాచోట్ల బలిపీఠం మీద ఊదా వస్త్రం పరుస్తారు. పాత రోజుల్లో అది ఉపవాసాల కాలం. పండగ చేసుకోవడానికి కాదు, ప్రభువు రాక కోసం కనిపెట్టుకొని ఉండడానికి పెద్దలు ఏర్పరిచిన రోజులవి. అసలు పండగ 25న మొదలై, జనవరి 6న జ్ఞానుల దర్శనాన్ని తలుచుకునే పండగ వరకూ సాగేది. మనం దాన్ని తిరగేశాం. డిసెంబరు ఒకటి నుంచి 25 దాకా పండగలు చేసి, 26న దుకాణం కట్టేస్తున్నాం. ఎదురుచూపు పోయింది, పండగా పూర్తిగా దక్కడం లేదు. మన అలసటలో సగానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఆగమన కాలపు కొవ్వొత్తుల చక్రం ఎలా పుట్టిందో కొందరికి తెలిసే ఉంటుంది. 1839లో జర్మనీలోని హాంబుర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు పేదపిల్లల కోసం ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, పాత బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. రోజుకొకటి వెలిగించేవారు. ఆ పిల్లలు ఎదురుచూడడం నేర్చుకున్నారు.

ఎదురుచూడడం గురించి ఇంకొకాయన మాట నా మనసులో నిలిచిపోయింది. డీట్రిష్ బోన్‌హోఫర్ కూడా జర్మన్ లూథరన్ పాస్టరే. హిట్లర్ ప్రభుత్వం ఆయన్ను 1943 ఏప్రిల్‌లో పట్టుకొని బెర్లిన్‌లోని టేగల్ జైల్లో పెట్టింది. ఆ నవంబరులో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలు గది ఆగమన కాలాన్ని బాగానే గుర్తుచేస్తుందన్నాడు. లోపలి మనిషి ఏవో చిన్నాచితకా పనులు చేసుకుంటూ, ఆశపడుతూ కాచుకొని ఉంటాడు. తలుపు తెరవడం మాత్రం అతని చేతిలో లేదు, బయటినుంచే ఎవరో తీయాలి. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు. చివరి రోజుల్లో కూడా ఆయన ఎంత నెమ్మదిగా ఉన్నాడో తోటి బందీలు తర్వాత రాశారు. ఆ నెమ్మది పరిస్థితులు బాగుపడినందుకు వచ్చింది కాదు. పౌలు ఫిలిప్పీయులకు ఉత్తరం రాసిందీ సంకెళ్లలో ఉండే. దేన్ని గురించీ చింతపడకుండా కృతజ్ఞతతో దేవుడికి విన్నవించుకుంటే, మనిషి బుద్ధికి అందని సమాధానం హృదయానికి కాపలా ఉంటుందని అందులో రాశాడు. కాబట్టి మనశ్శాంతిని మనమే తయారు చేసుకోవాలన్న భారం మన మీద లేదు. అది ఇవ్వడానికి దేవుడు ఉన్నాడు. పుచ్చుకోవడానికి మనం కాస్త ఆగితే చాలు.

మనశ్శాంతిని తినేసే ఇంకొక సంగతి అప్పు. పండగ బట్టలకని, బిర్యానీకని నెలవారీ వడ్డీకి తెచ్చి, సంక్రాంతి దాటినా కడుతూ ఉండే కుటుంబాలు ఉన్నాయి. పక్కింటివాళ్ల పిల్లలకు రెండు జతలు కుట్టించారని మన పిల్లలకూ రెండు. యేసు పుట్టాక మరియ, యోసేపు ఆయన్ను యెరూషలేము దేవాలయానికి తీసుకువెళ్లి అర్పించింది జత పక్షులను. ధర్మశాస్త్రం ప్రకారం అర్పించాల్సింది గొర్రెపిల్లను. దానికి శక్తి చాలనివాళ్లకు మాత్రం రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెచ్చే వీలుంది. వాళ్లు అప్పుచేసి గొర్రెపిల్లను తేలేదు. ఉన్నదానితో వెళ్లారు. ప్రభువు పెరిగిన ఇల్లే అలా ఉన్నదానితో సరిపెట్టుకున్నప్పుడు, మన ఇంట్లో ఈ ఏడు ఒక్క జతే కుట్టిస్తే, అరిసెలు ఒక్క కుంచమే వండితే, సిగ్గుపడనక్కర్లేదు.

ఈ నెలలో కొన్ని ఇళ్ల ముందు నక్షత్రం ఉండదు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరో పోయి ఉంటారు. భర్త పోయిన ఆవిడ, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు. క్యారల్స్ బృందం ఆ ఇంటి దగ్గర గొంతు తగ్గించి ముందుకు వెళ్లిపోతుంది. మర్యాద కోసమే అలా చేస్తారు. కానీ ఆ ఇంటికే ముందు వెళ్లాలని నేనంటాను. మత్తయి సువార్తలో క్రిస్మస్ కథ జ్ఞానుల కానుకలతో ఆగిపోలేదు. హేరోదు బేత్లెహేములో మగపిల్లలను చంపించడం, తల్లుల ఏడుపు, చంటిబిడ్డతో మరియా యోసేపులు రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవడం, అన్నీ ఆ కథలోనే ఉన్నాయి. సంఘ క్యాలెండర్‌లో డిసెంబరు 28 ఆ పిల్లలను తలుచుకునే రోజు. క్రిస్మస్ వచ్చింది కాబట్టి కన్నీళ్లు తుడుచుకోమని వేదం ఎవరినీ తొందరపెట్టలేదు. ఏడుస్తున్నవాళ్ల పక్కన కూర్చోవడానికి దేవుడే దిగివచ్చాడని మన విశ్వాసం. ఆ ఇంటికి వెళ్లినప్పుడు డ్రమ్ములు బయట ఉంచి లోపల కాసేపు కూర్చోండి. మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

కువైట్‌లోనూ, ఇతర గల్ఫ్ దేశాల్లోనూ ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. 25న వాళ్లకు సెలవు దొరకడం కష్టం. పరాయి వంటింట్లో గిన్నెలు కడుగుతూ, ఫోన్లో పిల్లల కొత్త బట్టలు చూసుకుంటారు. అమ్మా, ఈ ప్రసంగం మీకెవరైనా పంపితే వినండి. రాత్రి పనిలో ఉన్నవాళ్ల దగ్గరికే ఆ కబురు మొదట వచ్చింది. చర్చికి వెళ్లలేదని మీరు పండగకు దూరమైనట్టు కాదు.

పండగపూట ఆకలితో ఉండేవాళ్లనూ తలుచుకోవాలి. మెదక్ కేథడ్రల్ 1914లో మొదలై, పదేళ్లకు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకుంది. కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్లకు పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆ కట్టడం తలపెట్టాడు. ఇవాళ ప్రతి క్రిస్మస్‌కూ తెల్లవారుజాము నుంచే లక్షల్లో జనం వస్తారు, మతంతో పనిలేకుండా వస్తారు. ఆ రాళ్లు మోసినవాళ్లకు దేవుడి సమాధానం ముందుగా అన్నం ముద్దగా అందింది. మన పేటలో పండగపూట పొయ్యి వెలగని ఇల్లు ఉంటే, ఆ ఇంటికి బియ్యం చేరాకే మన మనశ్శాంతి మాట ఎత్తడం న్యాయం.

సంఘ పెద్దలకూ, యూత్ తమ్ముళ్లకూ ఒక విన్నపం. క్యారల్స్ రాత్రి పదింటికల్లా ముగించండి. పది దాటాక లౌడ్‌స్పీకరు వాడకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. పొద్దున్నే కోతకు వెళ్లాల్సిన తల్లి నిద్రను కాపాడటం కూడా పరిచర్యే. క్రిస్మస్‌కు ముందు వారంలో కనీసం ఒక్క సాయంత్రం ఏ కార్యక్రమం పెట్టకుండా వదిలేయండి. ఆ సాయంత్రం చర్చి తలుపులు తెరిచి ఉంచండి, మైకు ఆపేసి. వచ్చినవాళ్లు వచ్చి కాసేపు కూర్చుని వెళ్తారు.

ఇళ్లలో ఉన్న మీకు చెప్పేది ఇంకా చిన్న పని. ఈ ఆదివారం రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, కుటుంబ ప్రార్థనకు కూర్చోండి. లూకా రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు పిల్లల్లో ఒకరి చేత పైకి చదివించండి. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. చదివాక వెంటనే పాట ఎత్తుకోకుండా, అందరూ అంతసేపే మౌనంగా ఉండండి. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మనిషిని కూడా పిలవండి. మిగిలిన పని తర్వాత అందరూ కలిసి చేసుకోవచ్చు. ఆవిడ వచ్చి కూర్చునేదాకా చదవడం మొదలుపెట్టకండి.